బుధవారం నాటి ముద్దు

"ఇవాళ్టి టూర్ సంగతి ముగ్గురికే తెలుసు," అన్నాడు బ్రిగేడియర్ షవ్కత్. "నాకు, నీకు, ఆ అమ్మాయికి."

బుధవారం, ఉదయం ఆరున్నర. కైరోలో ఒక ట్రావెల్ ఆఫీసు వెనక సందులో నిలిపిన టూరిస్టు బస్సు. కర్టెన్లు వేసి ఉన్నాయి. చివరి సీట్లో ఇద్దరే కూర్చున్నారు. షవ్కత్ గ్లాసులో టీ తాగుతున్నాడు. వజీహ్ తద్రోస్ తాగడం లేదు. ఈజిప్టు క్రైస్తవులైన కోప్టులకి అది పస్కా వారం, ఈస్టర్ ముందు ఉపవాసాల వారం. పొద్దు వాలేదాకా వజీహ్ నీళ్ళు కూడా ముట్టడు.

వజీహ్‌కి యాభై ఆరేళ్ళు. ఇరవై మూడేళ్ళుగా గూఢచారి, ఇరవై రెండేళ్ళుగా లైసెన్సున్న గైడు. గైడు వేషం మొదట ముసుగు కోసమే వేశాడు. తీరా చూస్తే టూరిస్టులకి సమాధులు చూపించడమే హాయిగా ఉంది. సమాధుల్లో వాళ్ళు అబద్ధాలు చెప్పరు.

షవ్కత్ జేబులోంచి మడిచిన కాగితం తీసి ఇచ్చాడు. తెల్లవారుజామున వైర్‌లెస్‌లో పట్టిన మెసేజ్. కోడ్ విప్పితే రెండే వాక్యాలు. గొర్రెను బుధవారం చూపిస్తారు. చూపించగానే కోసెయ్యండి.

"గొర్రె అంటే పాంతెలిస్," అన్నాడు షవ్కత్. "అలెగ్జాండ్రియాలో పుట్టిన గ్రీకు వాడు. పద్దెనిమిదో ఏట ఓడెక్కి పోయాడు. ముప్పై ఏళ్ళు ఈ మెసేజ్ పంపిన గూఢచారి ముఠాకి కోడ్ రాసిపెట్టాడు. నేలమాళిగలో కూర్చుని పని చేసిన మనిషి, ముఠాలో వాడి మొహం చూసినవాడు లేడు. ఈ దేశంలో వాళ్ళకి అమ్ముడుపోయిన తొమ్మిదిమంది పేర్లు వాడి బుర్రలో ఉన్నాయి. కాగితం లేదు, ఫైలు లేదు. బుర్ర పోతే పేర్లూ పోతాయి."

"మరి ఇప్పుడే చెప్పించెయ్యొచ్చుగా సార్?"

"మొండి ముండాకొడుకు. ముందు ఒక్కరోజు ఊరు చూపించమంటాడు. అందరిలాగా బస్సులో, టోపీ పెట్టుకుని. పొద్దున సక్కారా, మధ్యాహ్నం వేలాడే చర్చి. వాళ్ళమ్మ అక్కడ మొక్కుకుని వీణ్ణి కన్నదట. అది చూశాక పేర్లు చెబుతాట్ట."

"టూర్ ఆపేద్దాం."

"ఆపితే వాడు నోరు విప్పడు. పైగా చూపించే చెయ్యి ఎవరిదో నాకు తెలియాలి." షవ్కత్ గ్లాసు పక్కన పెట్టాడు. "నేను కాదు. నువ్వు కాదని నీకు తెలుసు. మిగిలిందెవరో నన్ను అడక్కు."

వజీహ్ కాగితం మడిచి తిరిగి ఇచ్చేశాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టుకోవాలని ఇంట్లోవాళ్ళకి ఉండదు గనక ఈశ్వరుడు మాత్రం ఏం చేస్తాడు?

మిగిలింది దిమ్యానా. వజీహ్ ప్రాణమిత్రుడు లబీబ్ కూతురు. లబీబ్ కూడా ఇదే డిపార్ట్‌మెంటు. పదకొండేళ్ళ కిందట పరాయి దేశపు రేవులో పోయాడు. అప్పటికి పిల్లకి పదిహేనేళ్ళు. ఆ ఇంటికి కబురు మోసుకెళ్ళింది వజీహే. కాలేజీలో చేర్పించింది, ఉద్యోగం నేర్పింది, పిస్తోలు పట్టడం నేర్పింది, అంతా వజీహే. అతనికి పెళ్ళీ పిల్లలూ లేరు. ఉన్నదల్లా ఆ పిల్ల 'బాబాయ్' అని పిలిచే పిలుపు.

"గుంపులో మన మనిషి ఒకణ్ణి పెట్టాను," అన్నాడు షవ్కత్. "నీలం చొక్కా. లోపల బుల్లెట్‌ప్రూఫ్ తొడిగాం. ఆమె ఫోను నా దగ్గర పెట్టించేశా, గొర్రె మొహం ఇంకా చెప్పలేదు. బస్సెక్కాక నువ్వు చెబుతావు. నీలం చొక్కావాణ్ణి చూపించు. వాళ్ళు వాడి మీదికి వస్తే ఆమే. రాకపోతే దేవుడి దయ."

"సరే సార్."

"వజీహ్. ఆమె అయితే నాకు ఆమె కావాలి. కాకపోతే ముసలాడు కావాలి. రెండూ పోగొట్టుకుని మాత్రం రాకు."

* * *

దిమ్యానా ఎర్ర స్కార్ఫుతో, నల్లకళ్ళద్దాలతో దిగింది. హోటల్ ముందు సామాన్లు మోసేవాళ్ళు పని మానేసి మరీ చూశారు. ముందు సీట్లో డ్రైవర్ హమ్మాద్ ఈల వెయ్యబోయి ఊరుకున్నాడు. అతనూ డిపార్ట్‌మెంటు మనిషే. సీటు కింద మిషన్ గన్, సీటు మీద కాగితంలో చుట్టిన టిఫిను.

"పస్కా వారంలో ఎరుపేమిటే?" అన్నాడు వజీహ్. "ఊరంతా నలుపు కట్టుకుంటే."

"నలుపు కట్టుకుంటే టూరిస్టులు శవానికి వచ్చామనుకుంటారు బాబాయ్. నువ్వొక్కడివి చాలవూ, పీనుగులా మొహం పెట్టుకుని?"

"తిన్నావా?"

"నువ్వు తిన్నావా?"

"ఉపవాసం."

"మరి నేనో? నేను మాత్రం కోప్టుకి పుట్టలేదా?" అని అతని కాలర్ సర్దింది. చిన్నప్పటి అలవాటు.

టూరిస్టులు పన్నెండుమంది. అందరికీ తెల్లటోపీలు, మెళ్ళో చిన్న రిసీవర్లు, చెవిలో ఇయర్‌పీసులు. గైడు కాలర్ మైకులో గొణిగినా వాళ్ళ చెవుల్లో వినపడుతుంది. మీట ఇంకోవైపు తిప్పితే ఆ గొణుగుడు హమ్మాద్‌కీ, వెనక వ్యాన్‌లో వస్తున్న షవ్కత్‌కీ పోతుంది.

మూడో వరసలో పొట్టి ముసలాయన ఒకడు టోపీని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వజీహ్ దగ్గరికెళ్ళి, "మెంఫిస్‌లో మంచు పడుతుందంటారా?" అని అడిగాడు.

"మా అమ్మ చూశానని చెప్పేది," అన్నాడు ముసలాయన. కోడ్ సరిపోయింది. ఆ తర్వాత కోడ్‌లో లేని మాట ఒకటి కలిపాడు. "పాపం, ఆవిడ చాలా అబద్ధాలాడేది."

రెండు సీట్ల వెనక నీలం చొక్కావాడు కిటికీలోంచి చూస్తున్నాడు.

బస్సు గీజా దాటి కాలువ పక్క ఖర్జూర తోటల్లోకి మళ్ళింది. దిమ్యానా వచ్చి వజీహ్ పక్కన కూర్చుంది. "ఎవరు?" అంది, పెదవులు కదపకుండా. అతను నేర్పిన విద్యే.

నీలం చొక్కా అని రెండు మాటలు అంటే అయిపోయేది. ఎవరినైనా సరే అనుమానించే ముందు చెయ్యాల్సిన పరీక్ష అది. పదిమంది కుర్రాళ్ళకి అతనే పాఠం చెప్పాడు. కాని పరీక్ష పెడితే ఫలితం వస్తుంది. వచ్చిన ఫలితాన్ని ఇక వెనక్కి పంపలేం.

"మూడో వరస," అన్నాడు వజీహ్. "టోపీ ఒళ్ళో పెట్టుకున్నాయన."

నమ్మితే నమ్మకంగా ఉంటుందనుకున్నాడు, పిచ్చివాడు.

* * *

సక్కారాలో ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. మెట్ల పిరమిడ్ చుట్టూ తిప్పి, ఉత్తరం వైపు రాతిగది దగ్గర ఆపాడు. గది గోడకి కళ్ళ ఎత్తులో రెండు కన్నాలు. వాటిలోంచి చూస్తే లోపల జోసెర్ రాజు రాతిబొమ్మ కూర్చుని, అదే కన్నాల్లోంచి మననే చూస్తూ ఉంటుంది. ఒక్కొక్కరే వంగి చూస్తున్నారు.

"పాపం, ఇన్ని వేల ఏళ్ళుగా ఒక్కడే కూర్చుని కన్నంలోంచి చూడ్డం," అన్నాడు పాంతెలిస్ తన వంతు రాగానే. "నా ఉద్యోగమే." వంగినవాడు చాలాసేపు లేవలేదు.

వజీహ్ ఒక పక్కకి వచ్చి చుట్టూ కళ్ళతో వెతుకుతున్నాడు. ఒంటెలవాళ్ళు, గార్డులు, స్కూలు పిల్లలు. ఎవరిమీదా కన్ను ఆగలేదు. దిమ్యానా వచ్చి నీడలో నిలబడింది. కళ్ళద్దాలు తీసింది. కళ్ళు నిద్రలేనట్టు ఉబ్బి ఉన్నాయి.

"ఒకటడుగుతా, నిజం చెబుతావా బాబాయ్?"

"ఎప్పుడు చెప్పలేదే?"

"నాన్న ఎలా పోయాడు?"

పదకొండేళ్ళలో ఆ పిల్ల ఆ ప్రశ్న మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఒకటే జవాబు. ఆ జవాబు పుట్టిన రాత్రి వజీహ్‌కి బాగా గుర్తుంది. రేవులో లబీబ్ పడవ కోసం ఎదురుచూస్తున్నాడు. పడవ పంపితే ఇంకో నలుగురు దొరికిపోతారు. పంపొద్దని సంతకం పెట్టమన్నారు. సంతకం పెట్టింది వజీహ్. నలుగురు ఇళ్ళకి వచ్చారు. లబీబ్ రాలేదు.

"గుండె," అన్నాడు వజీహ్. "గుండె ఆగిపోయింది తల్లీ. బాధ కూడా తెలిసి ఉండదు."

ఆమె అతని మొహంలోకి చూస్తూ కాసేపు నిలబడింది. అడగడానికి వచ్చింది జవాబు కోసం కాదని, అతనికి చివరి అవకాశం ఇవ్వడానికని, అప్పుడు తెలిసి ఉంటే ఎంత బావుండేది. ఆరు నెలల కిందట ముఠావాళ్ళు ఆ సంతకం ఉన్న కాగితాన్ని ఆమె చేతిలో పెట్టారు. ఆ సంగతి షవ్కత్‌కీ తెలీదు, అతనికీ తెలీదు.

"సరే," అంది దిమ్యానా, కళ్ళద్దాలు పెట్టుకుంటూ. "గుండే."

* * *

మధ్యాహ్నం మూడింటికి పాత కైరో చేరారు. హమ్మాద్ కూడా తోడుగా దిగాడు. మెటల్ డిటెక్టర్ దాటి, మెట్లెక్కి, వేలాడే చర్చిలోకి వచ్చారు. పాత రోమన్ కోట బురుజుల మీద దూలాలు వేసి కట్టిన గుడి అది. స్తంభాలకీ గుమ్మాలకీ నల్లగుడ్డలు కట్టి ఉన్నాయి. నలుపు చీరల్లాంటి పొడుగు గౌన్లలో ముసలమ్మలు బెంచీల మీద కూర్చుని సాయంత్రం ప్రార్థన కోసం ఎదురుచూస్తున్నారు. ఎగువ ఈజిప్టునుంచి వచ్చిన పల్లెటూరి పెద్దమనిషి ఒకడు, గలాబియా అనే పొడుగు అంగీ, తలపాగా, చేతిలో వెదురు కర్రతో కుడిపక్క గోడకి ఆనుకుని తల వంచుకుని ఉన్నాడు.

"ఈ పాలరాతి వేదికకి కింద ఉన్న స్తంభాలు క్రీస్తుకీ శిష్యులకీ గుర్తులు," అని మైకులో చెబుతున్నాడు వజీహ్. వాటిలో ఒకటి నల్లరాయి, క్రీస్తుని పట్టించిన యూదాకి గుర్తు. దాని కథ రోజూ నవ్విస్తూ చెప్పేవాడు. ఆ రోజు చెప్పబుద్ధి కాక దాటేశాడు.

పాంతెలిస్ పక్క మంటపంలో మేరీమాత పటం ముందు నిలబడి ఏడుస్తున్నాడు. ఏడుపని తెలియకుండా ఏడవడం అతనికి చేతకాలేదు. భుజాలు కదులుతున్నాయి. టూరిస్టులు జాలిగా చుట్టూ చేరారు. పటం ముందు నేలలో గాజు పలకలు బిగించి ఉన్నాయి. వాటిలోంచి చూస్తే కింద కోట బురుజు లోతుగా కనిపిస్తుంది.

దిమ్యానా నెమ్మదిగా వెళ్ళి ముసలాయన భుజం చుట్టూ చెయ్యి వేసింది. "ఏడవకండి తాతగారూ," అంది. వంగి, ఆయన చెంపమీద ముద్దు పెట్టింది.

టూరిస్టులకి ముచ్చటేసింది. ఒకామె ఫోటో కూడా తీసింది.

బెంచీల మీద ముసలమ్మలు మాత్రం ఒక్కసారిగా ఉలిక్కిపడ్డారు. "అయ్యో! ఏవమ్మా, ఇవాళేం రోజో తెలీదా?" అందొకావిడ గట్టిగా.

పస్కా వారంలో బుధవారం. ఇస్కరియోతు యూదా గురువైన క్రీస్తుని అమ్మేసుకున్న రోజు. ఆ రోజు మొదలుకుని పండగ దాకా కోప్టుల గుడిలో ఎవరూ ఎవరినీ ముద్దుపెట్టుకోరు. ఫాదర్ చెయ్యి ముద్దుపెట్టుకోరు, పటాన్ని ముద్దుపెట్టుకోరు, తల్లి బిడ్డని కూడా గుమ్మం బయటే. ముద్దుతోనే గదా ఆయన్ని పట్టించింది. చదువురాని పిల్లకైనా తెలిసిన సంగతి అది. దిమ్యానా గుడి మెట్లమీదే పెరిగింది.

వజీహ్‌కి అర్థమైంది. గొర్రెను చూపించేశారు.

ఇప్పుడు కోసేవాడెవడు? గుడిలో ఉన్న ప్రతి కోప్టూ ఆ పిల్లవైపు చూస్తున్నారు, అపచారం జరిగిందని. ముసలమ్మలు, దీపాలు తుడిచేవాడు, వాకిట్లో గార్డు, అందరూ. వెదురు కర్ర పెద్దమనిషి ఒక్కడే పిల్లని చూడటం లేదు. ముసలాయన్ని చూస్తున్నాడు. కర్ర నేలమీంచి లేచి నోటి దగ్గరికి వచ్చింది. దాని కొసన చిన్న బెజ్జం. లోహం లేని ఊదుగొట్టం, లోపల విషపు సూది.

పిస్తోలు తీసే వ్యవధి లేదు. అరిస్తే అందరూ బిత్తరపోయి నిలబడతారు, వాడు కొట్టేస్తాడు. వజీహ్ మైకుని పెదవులకి తెచ్చుకుని, రోజూ చెప్పే గొంతుతో, రోజూ చెప్పే మాటే చెప్పాడు.

"అందరూ మోకాళ్ళమీద వంగి గాజులోంచి కిందికి చూడండి. త్వరగా, వెలుతురు పోతుంది."

పన్నెండు తెల్లటోపీలు ఒక్కసారి కిందికి వంగాయి. కన్నీళ్ళు తుడుచుకుంటూ పాంతెలిస్ కూడా వంగాడు.

దిమ్యానా చెవిలో ఇయర్‌పీస్ లేదు. ఆమె వంగలేదు.

సూది గాలిలో చిన్న చప్పుడు చేసింది. ఎర్ర స్కార్ఫు పైన, మెడ దగ్గర దిగింది. ఆమె చెయ్యి అటు వెళ్ళింది, దోమ కుట్టినట్టు. అప్పటికే హమ్మాద్ పెద్దమనిషి మీద పడ్డాడు. నీలం చొక్కావాడు కర్ర లాక్కున్నాడు. తలపాగా ఊడితే కింద పొట్టిగా కత్తిరించిన పసుపుపచ్చ జుట్టు.

వజీహ్ ఆమెని గాజుపలక మీద పడుకోబెట్టి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమె పెదవులు నీలంగా మారుతున్నాయి.

"బుధవారమని మర్చిపోయావా తల్లీ? మర్చిపోయావా?" అనే అడుగుతున్నాడు. వేలమందికి వేల ప్రశ్నలు వేసిన మనిషికి ఆ క్షణాన ఇంకో ప్రశ్న తట్టలేదు.

ఆమె నవ్వబోయింది. "నువ్వు చూస్తావని తెలుసు," అంది. అది జవాబో, నిందో. "బాబాయ్... అమ్మకి... గుండె అని చెప్పు."

"చెబుతానమ్మా."

"బాగా చెబుతావులే నువ్వు."

అదే చివరి మాట. వజీహ్ ఏడ్చాడు. మైకు ఆపలేదు గనక ఆ ఏడుపు పన్నెండుమంది చెవుల్లోనూ పడింది. గైడుగారి అమ్మాయికి ఉపవాసంవల్ల కళ్ళు తిరిగాయని హమ్మాద్ చెబితే నమ్మి, మంచినీళ్ళ సీసాలు అందించారు.

* * *

టూర్ అక్కడితో ఆపడానికి వీల్లేదు. ముఠా తాలూకు కళ్ళు ఇంకెన్ని ఉన్నాయో. అందుకని పక్క సందులో ఇంకో గుడి, దాని కింద నేలగది, పసిబిడ్డ క్రీస్తుతో మేరీ జోసెఫులు తలదాచుకున్నారంటారే, అదికూడా వజీహే చూపించాడు. గొంతు ఎక్కడా తడబడలేదు. ఇరవై రెండేళ్ళ అలవాటు.

నేలగదిలోంచి అందరూ పైకి వెళ్ళాక పాంతెలిస్ ఆగాడు. గోడకేసి చూస్తూ ఎనిమిది పేర్లు చెప్పాడు. తర్వాత టోపీ తీసి చేతుల్లో నలిపాడు.

"తొమ్మిదోది నీకు తెలుసు," అన్నాడు. "నన్ను క్షమించు బాబూ. నేను చర్చి చూస్తానని పట్టుబట్టకుండా ఉండాల్సింది."

"మీదేం తప్పు లేదు," అన్నాడు వజీహ్. నిజంగానే లేదు. ఆ లెక్కన చూస్తే తప్పంతా ఎక్కడుందో అతనికి తెలుసు.

సాయంత్రం అయిదింటికి టూరిస్టుల్ని హోటల్లో దించేసి, అదే ఖాళీ బస్సులో, అదే చివరి సీట్లో షవ్కత్ ముందు కూర్చున్నాడు. బ్రిగేడియర్ ఫైలు తెరవలేదు.

"ఎనిమిదిమందినీ ఎత్తేశాం. మంత్రిగారు నిన్ను మెచ్చుకున్నారు," అన్నాడు. తర్వాత, "నీలం చొక్కావాణ్ణి ఎందుకు చూపించలేదురా?" అని అడిగాడు. ఇరవై మూడేళ్ళలో 'రా' అన్నది అదే మొదటిసారి.

"చూపించబుద్ధి కాలేదు."

"చూపించి ఉంటే వాడికి చొక్కా చిరిగేది. ఆ పిల్ల ఈ పూట నా సెల్లులో కూర్చుని నన్ను తిడుతూ ఉండేది. బతికి."

"తెలుసు సార్."

"మైకులో చెప్పినప్పుడు, ఆమె చెవిలో అది లేదని తెలుసా?"

"తెలుసు."

షవ్కత్ కిటికీవైపు తిరిగాడు. కర్టెన్ తీసి ఉన్నా బయట చూడటానికేం లేదు, ట్రావెల్ ఆఫీసు గోడ తప్ప. "వాళ్ళమ్మ దగ్గరికి నేను వస్తాను," అన్నాడు. "ఒక్కడివీ వెళ్ళకు. అంత్యక్రియలు ఎప్పుడు పెట్టుకుంటారు? మన తరఫున ఒక పూలదండన్నా..."

"ఈ వారంలో మా గుడిలో చావు ప్రార్థన చదవరు సార్. ఈ వారమంతా క్రీస్తు చావు ఒక్కటే. ఇంకెవరికీ ఉండదు. రేపు ఊరికే తీసుకెళ్ళి పూడ్చిపెట్టడమే."

"ప్రార్థన లేకుండానా? అదేం అన్యాయం?"

"చదివేశారు. ఈ వారం మొదలయ్యే మట్టల ఆదివారం నాడు, పూజ అయ్యాక, ఈ వారంలో ఎవరు పోతే వాళ్ళకని ముందుగానే అందరికీ కలిపి చదివేస్తారు. ఊళ్ళో బతికున్న వాళ్ళంతా నిలబడి తమ చావు ప్రార్థన తామే వింటారు." వజీహ్ గొంతు ఇప్పుడు తడబడింది. "నా పక్కనే నిలబడింది. ఎండగా ఉందని నా తలకి మట్ట అడ్డం పెట్టింది. ఎంతసేపు బాబాయ్, కాళ్ళు నొప్పులంటూ గొణిగింది."

బ్రిగేడియర్ షవ్కత్ గూఢచారి శాఖలో ముప్పై నాలుగేళ్ళు నలిగిన మనిషి, దేనికీ ఆశ్చర్యపడడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు:

"అంటే మీ గుడివాళ్ళకి మనకన్నా మూడు రోజుల ముందే కబురందిందన్నమాట."